బొమ్మ వద్దు... కారే కావాలి!

పుట్టినరోజుకి జడలేసిన బొమ్మ కొనిస్తే దాన్ని మూలన పడేసి, అన్నయ్య లారీ లాక్కుని పరుగెత్తే ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ‘మగరాయుడిలా తయారైంది, అంతా తల్లి గారాబమే’ అని అత్తగారు ఓ మాట అనేస్తారు. అందరి సంగతీ ఏమోగానీ, కొందరు పిల్లల విషయంలో మాత్రం ఆ నింద తల్లికి తగదు.

1959లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూలుతో ఉన్న గినీ పందులకు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను ఇచ్చారు. వాటికి పుట్టిన ఆడ కూనలు పెద్దయ్యాక, జతకట్టే వేళ చాలావరకు మగవాటిలా ప్రవర్తించాయి. అదే హార్మోను ఎదిగిన ఆడవాటికి ఇస్తే అంత మార్పు రాలేదు. అంటే మెదడు మీద ఆ ముద్ర పడేందుకు ఓ వేళ ఉందన్నమాట.

మరి మనుషుల్లో? గర్భిణులకి హార్మోన్లు ఎక్కించి చూడలేం కదా! కానీ కొందరు శిశువుల్లో అది దానంతటదే జరుగుతుంది. దీన్ని కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా, పొట్టిగా సీఏహెచ్ అంటారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఒక ఎంజైము లోపిస్తుంది. దాంతో కార్టిసాల్ సరిగా తయారుకాక, ఆ ముడిసరుకు పురుష హార్మోన్లుగా మారిపోతుంది. ఆడశిశువైతే గర్భాశయం, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. బయటి అవయవాలు మాత్రం మగపిల్లాడివేమో అనిపించవచ్చు.

1992లో షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ అనే పరిశోధకురాళ్లు మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు ఇలాంటి అమ్మాయిల ముందు రకరకాల ఆటవస్తువులు పెట్టి చూశారు. ఈ సమస్య లేని తమ బంధువుల ఆడపిల్లల కంటే వీళ్లే కార్లు, ఇళ్లు కట్టే దుంగముక్కలతో ఎక్కువసేపు ఆడారు. ‘ఇంట్లోవాళ్లే అలా అలవాటు చేసుంటారు’ అంటారా? 2005లో వెలువడిన పరిశోధన ఆ అనుమానమూ తీర్చింది. ఈ పిల్లలు ఆడపిల్లల బొమ్మలు పట్టుకుంటే తల్లిదండ్రులు మిగతా కూతుళ్లకంటే ఎక్కువగానే మెచ్చుకున్నారట. అయినా చేతులు కార్ల మీదికే పోయాయి!

అలాగని వీళ్లు అబ్బాయిలైపోతారని కాదు. చాలామంది తమను ఆడవాళ్లుగానే భావిస్తారు, చికిత్సతో తల్లులూ కాగలరు. ఇక క్రికెట్ బ్యాటు పట్టిన ప్రతి పిల్లకీ ఈ జబ్బుందని హైరానా పడక్కర్లేదు. సీఏహెచ్ అరుదు, సుమారు 15 వేల మందిలో ఒకరికి వస్తుంది.

భయపడాల్సింది వేరే ఉంది. తీవ్ర రకంలో, పుట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే ఒంట్లో ఉప్పు పోయి బిడ్డ పాలు తాగదు, వాంతులవుతాయి, నీరసించిపోతుంది. మగపిల్లల్లో పైకి తేడా కనిపించదు కాబట్టి గుర్తించడం మరీ ఆలస్యమవుతుంది. ‘దిష్టి తగిలింది’ అనుకుంటూ కూర్చుంటే ప్రాణానికే ముప్పు. 17 ఓహెచ్ ప్రొజెస్టెరాన్ అనే రక్తపరీక్షతో జబ్బు తెలుస్తుంది. మందులు మాత్రం జీవితాంతం వాడాలి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది కనుక మేనరికాల్లో ప్రమాదం ఎక్కువ. ఒక బిడ్డకు ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అలాంటి దంపతులు మళ్లీ గర్భం దాల్చకముందే జన్యు వైద్య నిపుణుల్ని కలవాలి.