ఉత్తరాల డబ్బాకు గంట కట్టిందెవరు?

విజయవాడ గుణదలలోని విద్యుత్ సౌధలో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. అక్కడి ఇంజనీర్లు కనిపెట్టుకుని ఉండే అంకె గ్రిడ్ ఫ్రీక్వెన్సీ. అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. నిబంధనల ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. ఉత్పత్తిని మించి వాడకం పెరిగితే క్షణాల్లో పడిపోతుంది. రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత కరెంటు ఎక్కడినుంచి రావాలో ముందే లెక్కవేసుకుంటారు. ఇలాంటి చోట తెరమీది నుంచి చూపు మరల్చకపోవడమే ఉద్యోగ ధర్మం.

ఆ అంకెకు దక్కాల్సిన చూపును మనలో చాలామంది ఇన్‌బాక్స్‌కు ఇస్తున్నాం. బందరు రోడ్డులో ఆడిటరు కావచ్చు, ఆటోనగర్‌లో విడిభాగాల వ్యాపారి కావచ్చు. ఆఫీసు మెయిల్ ఒకటి, సొంతానికి ఒకటి, జీఎస్టీ కోసం తెరిచింది ఇంకొకటి, ఎప్పుడో బ్యాంకుకు ఇచ్చిన పాతది మరొకటి. నాలుగింటినీ గంటకు పదిసార్లు తెరిచి చూస్తే చేతిలో ఉన్న పని ఎప్పుడు తెమలాలి? ఈమెయిల్ ఇలా వాడడానికి పుట్టింది కాదు. దాని జీవితకథే ఆ మాట చెబుతుంది.

1965లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో పంచుకుని వాడుకునేవారు. ఒకరు వచ్చేసరికి మరొకరు వెళ్లిపోయేవారు. అలాంటివాళ్లు ఒకరికొకరు కబురు వదిలిపెట్టడానికి టామ్ వాన్ వ్లెక్, నోయెల్ మోరిస్ ‘మెయిల్’ అనే కమాండ్ రాశారు. 1971లో బీబీఎన్ సంస్థ ఇంజనీరు రే టామ్లిన్‌సన్ ఆ కబురును ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి దాటించారు. ఆ రెండు కంప్యూటర్లూ పక్కపక్కనే ఉన్నా, సందేశం మాత్రం ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీదుగానే ప్రయాణించింది. మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీయడానికి ఆయన ఎంచుకున్న గుర్తే ఇవాళ్టికీ ప్రతి చిరునామా నడుమా కనిపించే ‘@’.

అవతలివాడు ఆ సమయానికి లేకపోయినా సందేశం అతని కోసం కాచుకుని ఉండాలన్నదే ఈ ఏర్పాటులోని ఆలోచన. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ అనే పద్ధతి మీదే నేటికీ మెయిల్ సర్వర్లు మాట్లాడుకుంటున్నాయి. చేరాల్సిన సర్వర్ పనిచేయకపోతే పంపే సర్వర్ సందేశాన్ని వరుసలో దాచి, కొంతసేపటికి మళ్లీ ప్రయత్నిస్తుంది. చేతులెత్తేసే ముందు కనీసం నాలుగైదు రోజులు ఓపిక పట్టాలని ప్రమాణాలు చెబుతాయి. యంత్రానికే అంత ఓపిక ఉంటే మనిషికి నాలుగు నిమిషాల ఓపిక ఎందుకు లేకుండా పోయింది?

కారణాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. యంత్రం దాటిన ఏడాదికే సందేశాలు గుట్టలు పడటంతో 1972లో లారీ రాబర్ట్స్ వాటిని జాబితాగా చూపి, ఎంచుకుని, దాచి, తీసేయగల ప్రోగ్రామ్ రాయాల్సివచ్చింది. 1975లో జాన్ విట్టల్ తన ప్రోగ్రామ్‌లో జవాబిచ్చే కమాండ్ పెట్టారు. ఉత్తరం సంభాషణగా మారింది. 1978 మే 3న ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థర్క్ కొన్ని వందలమందికి ఒకేసారి ప్రకటన పంపారు. అడగని మెయిళ్ల బెడద అక్కడ మొదలైంది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. మరుసటి ఏడాది జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ అనే మెయిల్ సేవను ఉచితంగా ఇచ్చారు. ఖర్చు లేదు కనుక మనిషికి ఎన్ని చిరునామాలైనా ఉండొచ్చు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటిచ్చింది. దేన్నీ తీసేయాల్సిన అవసరం తప్పింది.

డబ్బాకు గంట కట్టింది మాత్రం ఒక్కరు కాదు. 1997లో వచ్చిన ఐడిల్ అనే సౌకర్యంతో కొత్త మెయిల్ రాగానే సర్వరే కబురు చెప్పడం మొదలుపెట్టింది. 1999లో బ్లాక్‌బెర్రీ పరికరం ఆ గంటను నడుముకు తగిలించింది. ఆ తర్వాత స్మార్ట్‌ఫోన్ అందరి జేబులోకీ చేర్చింది.

ఆ గంటకు మనసు ఎందుకు లొంగుతుంది? మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెర్‌స్టర్, స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాలను 1957లో ప్రచురించారు. ఎన్నో పొడుపుకు గింజ వస్తుందో తెలియనప్పుడే పావురం ఆగకుండా పొడుస్తుంది. ఇన్‌బాక్స్ కూడా అంతే. పది మెయిళ్లలో తొమ్మిది చెత్త; పదోది ఎప్పుడొస్తుందో తెలియదు కనుకే చేయి ఆగదు. ఇంగ్లండ్‌లో లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ జాక్సన్ బృందం ఒక కంపెనీ ఉద్యోగులను పరిశీలించింది. వచ్చిన మెయిళ్లలో 70 శాతానికి వాళ్లు ఆరు సెకన్లలోపే స్పందించారు. తెగిన పనిలోకి మళ్లీ కుదురుకోవడానికి సగటున 64 సెకన్లు పట్టింది. 2015లో కెనడా పరిశోధకులు కుష్‌లెవ్, డన్ 124 మందిని ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిల్ చూడమన్నారు, ఇంకో వారం ఎన్నిసార్లయినా చూడమన్నారు. మూడుసార్లకే పరిమితమైన వారంలో వాళ్లకు ఒత్తిడి తగ్గింది.

కాబట్టి మొదట గంట తీసేయాలి. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ మెయిల్ నోటిఫికేషన్లు ఆపేసి, పనికి తగ్గట్టు రోజుకు మూడు నాలుగు వేళలు పెట్టుకోవాలి. తర్వాత చిరునామాల సంగతి. మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన ఐమ్యాప్ పద్ధతిలో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది కనుక సొంత ఖాతాలన్నిటినీ ఒకే యాప్‌లో చూడొచ్చు. ప్రకటనలు, రసీదులు వాటంతటవే వేరే ఫోల్డర్‌లోకి వెళ్లేలా ఫిల్టర్లు పెట్టొచ్చు. బ్యాంకుకూ ఆధార్‌కూ ముడిపడిన చిరునామాను మాత్రం కొనుగోళ్లకు వాడకూడదు. ఆఫీసు మెయిల్‌ను సొంత ఖాతాకు మళ్లించకూడదు. ప్రభుత్వ ఉద్యోగులకు కేంద్రం 2015 నాటి విధానంలో దాన్ని నిషేధించింది కూడా.

నిజంగా అర్జెంటయితే దానికి ఫోన్ ఉంది. ఆ సంగతి ముందే తేల్చి చెప్పాల్సింది పై అధికారులు. రాత్రి పంపిన మెయిల్‌కు రాత్రే జవాబు ఆశించకండి. పనివేళల్లోనూ మీ కింద పనిచేసేవాళ్లకు ఏ అంతరాయమూ లేని రెండు గంటలు ఇవ్వండి. మెయిల్ ఎక్కడికీ పోదు. కాచుకుని ఉండటానికే దాన్ని తయారుచేశారు.