పాత జీపు స్టీరింగు పెట్టె: దాని సవరణ, దాని కందెన



కోఠి యనగానే నగరవాసులకు పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనము జ్ఞప్తికి వచ్చును. ఆ భవనమువలననే ఈ పేటకు ఆ పేరు కలిగినది. 1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యము నైజాము రాజ్యమున ప్రవేశించెను. 17వ తేదీకి పోరాటము ముగిసెను. ఆ సైన్యముతో వచ్చిన వాహనములలో జీపులును ఉండెను. 1941 మొదలు 1945 వరకు అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు రెండును కలిసి ఇట్టివి ఆరు లక్షలకు పైగా నిర్మించినవి. యుద్ధానంతరము మిగిలినవి ప్రజలకు అమ్ముడుపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి యేండ్లలో బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ జీపులను కూర్చి అమ్మసాగిరి. అట్టి బండ్లు కొన్ని నేటికిని నడుచుచున్నవి. వాని స్టీరింగు పెట్టెను గూర్చి నాకు తెలిసినది నేడు మనవి చేసెదను.

ఇంజను ఆగిపోయినచో మనిషి దిగి నడచి పోగలడు. స్టీరింగు తప్పినచో దిగుటకు వ్యవధి యుండదు. కావున పాత బండిని బాగుచేయించువారు రంగుకంటెను, ఇంజనుకంటెను ముందుగా దీనిని చూడవలెను.

ఈ పెట్టె రాస్ కంపెనీవారి పద్ధతిది. చేతిచక్రపు కడ్డీ చివర లోతైన మర గాడి గల దిమ్మ యొకటి ఉండును. ఆ గాడిలో రెండు ఉక్కు మొనలు దిగియుండును. చేతిచక్రము త్రిప్పగానే మర తిరుగును. మొనలు గాడివెంట జరుగును. మొనలు బిగించిన అడ్డకడ్డీ కొంచెము తిరిగి, పెట్టె వెలుపల వ్రేలాడు చేతిని ముందునకో వెనుకకో త్రోయును. మెకానిక్కులు ఈ చేతిని పిట్‌మన్ ఆర్మ్ అందురు. చేతిచక్రము పండ్రెండు మొదలు పదునాలుగు వంతులు తిరిగిన, ఈ చేయి ఒక్క వంతు తిరుగును. అందువలననే మనిషి బలము బరువైన బండిని మళ్లింపగలుగుచున్నది.

ఇక కందెన మాట. ఎద్దుబండి యిరుసునకు చిక్కని కందెన పెట్టుట మనకు తరతరముల అలవాటు. చక్రము యిరుసుచుట్టు పూర్తిగా తిరుగుచుండుటచే కందెన అంతటను పరచుకొనును. స్టీరింగు పెట్టెలో అట్లు జరుగదు. బండి తిన్నగా పోవునంతసేపు మొనలు గాడి నడుమనే కొద్దిగా కదలుచుండును. చిక్కని గ్రీజు పెట్టినచో మొనలు దానిని ప్రక్కకు త్రోసివేయును. అది మరల ప్రవహించి రాదు. పెట్టెనిండ గ్రీజు ఉన్నను మొన మాత్రము ఎండిపోయి అరుగును. అందుచే దీనికి 90వ నంబరు గేరు నూనె పోయవలెను. అది తనంతట తాను గాడిలోనికి దిగును.

అయినను అనేకులు గ్రీజే పెట్టుదురు. దానికి కారణము నూనె కారుట. అడ్డకడ్డీ వెలుపలికి వచ్చుచోటి సీలు చెడినచో నూనె నిలువదు, గ్రీజు నిలుచును. ఇది రోగమును కప్పుట యగును. సీలు అల్పమైన వెలకు దొరకు వస్తువు. పాత సీలును, అడ్డకడ్డీ కొలతను తీసికొని సికిందరాబాదు రాణీగంజు అంగళ్లకు పోయినచో సరిపడునది వెదకుకొనవచ్చును.

పెట్టెను విప్పుటకు ముందు లోపమెక్కడనో తెలిసికొనుడు. ఒకరు చేతిచక్రమును అటునిటు కొద్దిగా కదల్పవలెను. మరియొకరు వ్రేలాడు చేతిని చూడవలెను. చేతిచక్రము కదలినను ఆ చేయి కదలనిచో లోపము పెట్టెలో నున్నది. చేయి కదలియు బండిచక్రము కదలనిచో కీళ్లు అరిగినవి. పెట్టెను చట్రమునకు పట్టియుంచు బోల్టులు వదులైనను ఇట్టి ఆటయే కనబడును.

విప్పునప్పుడు వ్రేలాడు చేతికిని, కడ్డీకిని గుర్తు పెట్టి, పుల్లరుతోనే లాగవలెను. సుత్తితో కొట్టినచో ఆ దెబ్బ మొనలకును గాడికిని తగులును. భాగములను కిరసనాయిలుతో కడిగి వెలుతురున చూడుడు. నేను చూచిన పెట్టెలలో అరుగుదల హెచ్చుగా గాడి నడుమనే కానవచ్చినది. మొన ఒక ప్రక్క చదునైనను, గాడి గుంటలు పడినను ఎంత బిగించినను ప్రయోజనము లేదు, భాగమునే మార్పవలెను. వెల్డింగు చేసి మొనను నింపుట ప్రాణముతో చెలగాటము.

మరల కూర్చునప్పుడు రెండు సవరణలు వరుసగా చేయవలెను. మొదటిది పై మూత క్రింది పలుచని షిమ్ము రేకులు. కడ్డీ నిలువున ఆడకుండను, బరువు లేక తిరుగునట్లును రేకులను తగ్గింపవలెను. ఆ వేళ ప్రక్కమూత మరను వదులుగా ఉంచవలెను. రెండవది ఆ ప్రక్కమూత మరయే. చేతిచక్రము ఒక కొననుండి మరియొక కొనకు ఎన్ని చుట్లు తిరుగునో లెక్కించి, సగము వెనుకకు త్రిప్పి నడుమ నిలుపుడు. కొనల యందు ఢీకొననీయకుడు. గాడి నడుమచోటనే బిగువుగా ఉండునట్లు నిర్మింపబడినది. కావున నడుమ దాటునప్పుడు కొంచెము పట్టు తోచునంతవరకు మాత్రమే మరను బిగించి, నట్టు వేయవలెను. కొనయందు సరిచూచి బిగించినచో నడుమ పట్టివేయును. మలుపు తిరిగిన బండి తనంతట తిన్ననికి రాదు.

తుదకు పోయు రంధ్రము అంచువరకు నూనె పోసి, నెలకొకసారి చూచుకొనుడు. నూనె పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గ్రహించి మార్పుడు. మీ గ్రామమున ఇట్టి బండి యున్నయెడల, మెకానిక్కును మూడు ప్రశ్నలు అడుగుడు: సీలు మార్చితివా? మొనలను కంటితో చూచితివా? నడుమ నిలిపి బిగించితివా? మూడింటికిని ఔనని చెప్పగలిగిననే పిల్లలను ఆ బండి నెక్కింపుడు.