కోశశబ్దము - పురుషుని పొరలు

పురుషుడు పొరలు పొరలుగా నున్నాఁడని చెప్పునపుడు ఉద్దానమున దృష్టాంతమునకై వెదకఁబనిలేదు. కొబ్బరికాయ యెదుటనే యున్నది. పైపీచు దేహము, టెంక ప్రాణము, లోని నీరు ఆత్మ యని చెప్పుట సులభము. ఈ పోలిక మూలమునకెంతవఱకు సరిపడునో విచారింతము.

తైత్తిరీయోపనిషత్తునందలి బ్రహ్మానందవల్లి అన్నమయము, ప్రాణమయము, మనోమయము, విజ్ఞానమయము, ఆనందమయము అని యయిదింటిని వరుసగాఁ జెప్పినది. వీనినే మనము పంచకోశములందుము. కాని శ్రుతి యీ క్రమమున వీనిని కోశములనలేదు. ఆత్మ యనియే పిలిచినది. ఒక్కొక్కదానికి శిరస్సు, రెండు ఱెక్కలు, నడిమిభాగము, పుచ్ఛము గల పక్షిరూపమును కల్పించినది. లోపలిదానిచే వెలుపలిది నిండియున్నదనియు, వెలుపలిదాని యాకారము ననుసరించియే లోపలిదియు పురుషాకారమైనదనియు చెప్పినది. పొట్టునకును గింజకును ఇట్టి సంబంధము లేదు.

కోశములను వ్యవహారము భాష్యకారులది. శంకరులు పెక్కుపొట్టులు గల ఆరికధాన్యమును దంచి బియ్యము తీయుటను ఇచ్చట ఉపమానముగాఁ జెప్పిరి. అనాత్మయందలి ఆత్మబుద్ధిని తొలఁగించుట వారి ప్రయోజనము, ముముక్షువునకది తగినదే. అయితే కోశశబ్దమునకు కత్తియొఱ, మొగ్గ, ధనాగారము, నిఘంటువు అని పెక్కర్థములు గలవు. ఒఱ యన్నచో తీసి పాఱవేయవచ్చును. మొగ్గ యన్నచో ఆ ఱేకులే పువ్వగును. ఏయర్థమును గ్రహింతుమో దానినిబట్టి బోధ మాఱును.

ఇది కేవలము శబ్దవివాదము కాదు. మూత్రపిండవ్యాధి ఏండ్లతరబడి యింటింటిని పీడించిన ఉద్దానమున, దేహము పాఱవేయఁదగిన పీచని బాలురకు బోధించుట యుక్తమా? అదియునుగాక ఇచ్చటివారు పీచును పాఱవేయరు; త్రాడు పేనుదురు. భృగువల్లియు నిట్లే యున్నది. వరుణపుత్రుఁడైన భృగువు అన్నము మొదలుకొని ఆనందమువఱకు తపస్సుచే నెఱిఁగెను. అంతట ఉపనిషత్తు ముగియలేదు. అన్నమును నిందింపరాదను వ్రతమును వెంటనే విధించినది. కడపటి మెట్టెక్కినవానికిని మొదటి మెట్టు త్యాజ్యము కాదన్నమాట.

ఇఁక మందస, మెళియాపుట్టి కొండలవైపు చూతము. అచ్చటి సవరల భాష ముండాకుటుంబములోనిది. శ్రీముఖలింగ సమీపమున 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి యా భాష నేర్చి, దాని వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను ప్రకటించిరి. అదియు నొక కోశమే. ఆ జాతివారి పురుషభావనను, ఒడిశా కొండలలో వారితోఁ గలసి నివసించిన పియర్స్ విటెబ్‌స్కీ 1993 నాఁటి గ్రంథమున వివరించెను. మృతుఁడు 'కురాన్' అను మధ్యవర్తి నోట మాటలాడును. బంధువులు వానితో వాదింతురు, ఏడ్తురు, ప్రశ్నింతురు. మొదట తన్నుఁ జంపిన రోగమునే బ్రతికియున్నవారికిఁ బంచఁజూచు నాతఁడు, పెక్కేండ్ల సంభాషణలచే శాంతించి పితరులలోఁ జేరి, తుదకు శిశువునకు తన పేరు నిచ్చును. ఒక్కని యందే పీడించువాఁడును రక్షించువాఁడును గలరు. ఏది పైకి వచ్చుననునది వానితో మాటలాడువారిని బట్టి యుండును. అనేకులు క్రైస్తవమతము నవలంబించుటచే ఈ యాచారము నేఁడు మిక్కిలి సన్నగిల్లినది.

ఉపనిషత్తు పురుషుని లోపల వెదకినది. సవరలు నలుగురి నడుమ వెదకిరి. ఈ రెండవదానికి పలాసవారి జీడిమామిడియే దృష్టాంతము. దాని పిక్క పండులోపల నుండదు, వెలుపల వ్రేలాడును. కొబ్బరియు జీడియు ఒక్క యిసుకనేలనే పెరుగుచున్నవి. బోధకులు రెండింటిని చూపుదురేని, లోపలిదే సారమనియు వెలుపలిది పొట్టనియు బాలురు తొందరపడి నిశ్చయింపకుందురు.