కొరమీనుని ఇంట్లో పెంచొచ్చా?

అక్వేరియం అనగానే మనకి గోల్డ్‌ఫిష్, మహా అయితే ఆస్కార్ గుర్తొస్తాయి. వీడియోలు చూసి 'మాన్‌స్టర్ ఫిష్' కావాలని విదేశీ చేపల వెంట పడేవాళ్లూ ఉన్నారు. కానీ అసలు వేటగాడు మన చెరువుల్లోనే ఉన్నాడు కదా, కొరమీను! మార్కెట్లో టబ్బులో ప్రాణాలతో అమ్మేది ఇదే, మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో చేప ప్రసాదంలో వాడేదీ ఇదే. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దీని ప్రత్యేకత ఊపిరి. మొప్పల పైన చిన్న గదిలాంటి అవయవం ఉంటుంది, పైకొచ్చి గాలి మింగి అందులో నింపుకుంటుంది. అందుకే బెత్తెడు నీళ్లలో కూడా బతికేస్తుంది, చెరువు ఎండితే బురదలో కొన్నాళ్లు గడిపేస్తుంది. అయితే ఇది ఆప్షనల్ ఫీచర్ కాదు. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చేప మునిగిపోయి చావడం అంటే జోకులా ఉంటుంది గానీ, నిజం. అందుకని ట్యాంకుని అంచుదాకా నింపకండి, నీటికీ మూతకీ మధ్య నాలుగైదు అంగుళాలు వదలండి. మూత బరువుగా ఉండాలి, ఎందుకంటే ఇది ఎగురుతుంది.

మన పల్నాడులో, అందులోనూ రెంటచింతల వైపు, ఎండాకాలం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోతే గోల్డ్‌ఫిష్ నోరు తెరుచుకుని పైకి తేలుతుంది, కొరమీనుకి ఆ బాధ లేదు. "అయితే ఫిల్టర్ దండగ" అనుకుంటే మాత్రం కష్టం. మాంసం తినే చేప వదిలే అమ్మోనియా చాలా ఎక్కువ, వేడి నీళ్లలో దాని విషం ఇంకా పెరుగుతుంది. గాలి పీల్చినా ఆ విషం నుంచి తప్పించుకోలేదు.

ఇక సైజు. వేలెడంత పిల్ల ముద్దుగానే ఉంటుంది. అది రెండడుగులు పెరుగుతుంది. అలాంటి చేపకి కనీసం 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు కావాలి. అంటే దాదాపు 680 లీటర్లు. నీళ్ల బరువే 680 కిలోలు, గాజు బరువు వేరు! అద్దెకున్న పై అంతస్తులో పెట్టేముందు ఓనర్ని కాదు, సివిల్ బ్రాంచ్ ఫ్రెండ్‌ని అడగండి. పిల్లల్లో పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది కాబట్టి ఒక్కటే పెంచడం మేలు. బతికున్న చేపల్ని మేతగా వేస్తే వాటితో రోగాలూ వస్తాయి. చిన్నప్పటి నుంచే గుళికల మేత, రొయ్య ముక్కలు అలవాటు చేస్తే తింటుంది.

పెరట్లో కుంట ఉంటే ఇంకా మంచిది, చుట్టూ వల కట్టాలంతే. వానపడితే తడి నేల మీద పాక్కుంటూ పోగలదు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు, కింద కాపలాగా తల్లీతండ్రీ కనిపిస్తాయి. ఆ గుంపుని చెరువులోంచి వలేసి తెచ్చుకోవద్దు. ఆ పెద్దవాటిని పట్టేస్తే మిగిలిన పిల్లల్ని వేరే చేపలు తినేస్తాయి. తమాషా ఏంటంటే, ఇంత గిరాకీ ఉన్న చేపని బొచ్చె పిల్లల్ని పెంచే రైతులు ఇప్పపిండి వేసి మరీ చంపుతారు, లేకపోతే పిల్లలన్నీ దీని పొట్టలోకే.

పెంచలేకపోతే సాగర్ కుడికాలువలో వదిలేస్తే సరి, మన చేపే కదా అంటారు. మన చేపే అయినా ట్యాంకులో అంటిన రోగాన్ని మోసుకెళ్లగలదు. 1988లో మన దేశంలోకొచ్చిన పుండ్ల జబ్బు కొరమీన్లనే బాగా దెబ్బతీసింది. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్‌లో ఏమైందో చూడండి. ఒకతను ఒంట్లో బాగోని తోబుట్టువుకి సూపు కోసం, కొరమీనుకి చుట్టమైన రెండు చైనా చేపలు తెప్పించాడు. అవి వచ్చేలోపు జబ్బు తగ్గింది. అక్వేరియంలో పెంచాడు, పెద్దవయ్యాక చెరువులో వదిలాడు. 2002లో ఆ చెరువులో మందు కొడితే వెయ్యికి పైగా పిల్లలు తేలాయి. అదే ఏడాది అమెరికా ఈ జాతి మొత్తం దిగుమతిని ఆపేసింది.

అంత చోటు లేనివాళ్లు మట్టగిడస చూడండి. అదీ ఇదే కుటుంబం, అదే వేట, అదే గాలి పీల్చడం, కానీ సాధారణంగా అడుగు లోపే ఆగిపోతుంది. 4 అడుగుల ట్యాంకు సరిపోతుంది. మూత మాత్రం దానికీ బరువుగానే ఉండాలి.