లాకప్ మరణాలు: కాగితాలున్నాయి, పరిశోధన లేదు

పోలీసు నిర్బంధంలో మనిషి చనిపోతే రాయవలసిన కాగితాలకు మన దేశంలో కొదవ లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 డిసెంబరులో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం ఆ సమాచారం 24 గంటల్లోగా కమిషన్‌కు అందాలి. పోస్టుమార్టంను వీడియో తీయించి పంపాలని 1995లో అదే కమిషన్ రాష్ట్రాలను కోరింది. 2006లో అమల్లోకి వచ్చిన చట్ట సవరణ, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్‌గా కొనసాగుతూ, పోలీసు దర్యాప్తుతో నిమిత్తం లేకుండా జుడీషియల్ మేజిస్ట్రేటు విడిగా విచారణ జరపాలని నిర్దేశిస్తోంది. ఇన్ని దస్త్రాలు పోగవుతున్నా, వాటిని ఒకచోట చేర్చి, నిర్బంధించిన ఎన్ని గంటలకు, ఏ స్థితిలో, ఎవరు చనిపోతున్నారో, వారిలో ఎందరిని కాపాడగలిగేవారో ఏటేటా అధ్యయనం చేసే స్వతంత్ర కార్యక్రమం ప్రభుత్వ నిధులతో నడవడం లేదు.

ఆ లోటు అంకెల్లోనే కనిపిస్తుంది. 2021 సంవత్సరానికి జాతీయ నేర గణాంకాల సంస్థ పోలీసు కస్టడీ మరణాలు 88 అని ప్రకటించగా, మానవ హక్కుల కమిషన్ లెక్క ఆధారంగా కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో 2021–22 ఆర్థిక సంవత్సరపు సంఖ్య 175గా ఉంది. లెక్కించిన నెలలు కొంత వేరైనంత మాత్రాన ఒక సంఖ్య మరొకదానికి దాదాపు రెట్టింపు కావడం సమాధానం కోరే విషయం. మరణ కారణాన్ని ఆత్మహత్య, అనారోగ్యం వంటి గడుల్లో నింపి పంపేది రాష్ట్రాల పోలీసు శాఖలే. అరెస్టు చూపకుండా ఠాణాలో కూర్చోబెట్టిన మనిషి ఏ రిజిస్టరులోనూ ఉండడు కాబట్టి, మొత్తం ఎందరు నిర్బంధానికి గురయ్యారో తెలియదు. ఆ మొత్తం తెలియకుండా మరణాల రేటు కట్టడం సాధ్యం కాదు.

ఇదే ప్రశ్నకు ఆస్ట్రేలియా డబ్బు వెచ్చించి జవాబు వెతికింది. ఆదివాసుల నిర్బంధ మరణాలపై 1987లో ఏర్పడిన రాయల్ కమిషన్, అంటే సాక్షులను పిలిపించే అధికారం గల అత్యున్నత విచారణ సంఘం, 99 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. వాటిలో 63 పోలీసు కస్టడీలో జరిగినవి, 30 ఉరి వల్ల సంభవించినవి. నిర్బంధంలో ఉన్న ఆదివాసులు ఇతర నిర్బంధితుల కంటే ఎక్కువ రేటున చనిపోవడం లేదనీ, జనాభాలో వారి వాటాతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువగా నిర్బంధానికి గురికావడమే అసలు కారణమనీ 1991 నివేదికలో కమిషన్ తేల్చింది. మొత్తాన్ని లెక్కించారు కాబట్టే ఆ నిర్ణయానికి రాగలిగారు. గదుల్లో ఉరికి వీలిచ్చే కమ్మీలు, కొక్కేలు తొలగించాలనీ, బహిరంగంగా తాగి ఉండటాన్ని నేరంగా చూడటం మానాలనీ కోరుతూ చేసిన 339 సిఫారసుల్లో మరణాలపై శాశ్వత పరిశీలన కూడా ఒకటి. 1992లో ఆస్ట్రేలియా నేరశాస్త్ర సంస్థలో మొదలైన ఆ కార్యక్రమం నేటికీ నడుస్తోంది. మరణాలు ఆగలేదన్నది నిజం: 1991 తర్వాత 500 మందికి పైగా ఆదివాసులు నిర్బంధంలో మరణించారు. అయితే ప్రభుత్వం ఏ సిఫారసును పక్కన పెట్టిందో అక్కడి పౌరుడు అంకెతో సహా నిలదీయగలడు, ఇక్కడి పౌరుడికి ఆ వీలు లేదు.

తెలుగు నేలపై ఈ పని చాలాకాలం పౌరహక్కుల కార్యకర్తల భుజాల మీదే సాగింది. గణిత ఆచార్యుడిగా పనిచేసిన కె. బాలగోపాల్ 1986లోనే పోలీసులు ఎవరిని, ఎందుకు చంపుతున్నారన్న ప్రశ్నతో లాకప్ మరణాలపై ఆంగ్ల వారపత్రికలో వ్యాసం రాశారు. నిజనిర్ధారణ బృందాలు చందాలతో, సొంత ఖర్చులతో ఊళ్లు తిరిగి సాక్ష్యాలు సేకరించాయి. వారి శ్రమ ఎంత గొప్పదైనా, పోస్టుమార్టం వీడియోలను చూసే అధికారం గానీ, ఫోరెన్సిక్ వైద్యులను, గణాంక నిపుణులను ఏళ్ల తరబడి నియమించుకునే స్తోమత గానీ వారికి లేవు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో ఒక దళిత మహిళ మరణించినప్పుడు ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను సర్వీసు నుంచి తొలగించారు, కుటుంబానికి పరిహారం ఇచ్చారు. దొంగతనం అనుమానం మీద పేదలను తెచ్చి కొట్టే పద్ధతి మిగతా ఠాణాల్లో ఎంతగా పాతుకుపోయిందో తెలుసుకునే అధ్యయనానికి మాత్రం ఎవరూ పూనుకోలేదు.

చట్టం అడ్డు కాదు. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టంలోని 12వ సెక్షన్ పరిశోధన చేయడాన్ని, ప్రోత్సహించడాన్ని మానవ హక్కుల కమిషన్ విధుల్లోనే చేర్చింది. పోలీసు పరిశోధనాభివృద్ధి సంస్థ 1970 నుంచీ ఉన్నా అది హోం శాఖ కింద పనిచేస్తుంది. తన శాఖ చేతుల్లో జరిగిన మరణాలపై ఆ శాఖే పరిశోధన చేయిస్తే బాధిత కుటుంబాలు నమ్మవు, నమ్మనక్కరలేదు కూడా. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ఒక సంస్థ అందుకున్న నిధిని మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించి, పరిపాలన ఖర్చును 20 శాతానికి కుదించడంతో, పెద్ద సంస్థల ద్వారా చిన్న పరిశోధన బృందాలకు అందే విదేశీ సాయం కూడా తెగిపోయింది. కాబట్టి ఈ డబ్బు ప్రజల ఖజానా నుంచే రావాలి, హోం శాఖ పద్దు నుంచి కాకుండా శాసనసభ నేరుగా మంజూరు చేసే గ్రాంటుగా విశ్వవిద్యాలయాలకు, ప్రభుత్వ వైద్య కళాశాలల ఫోరెన్సిక్ విభాగాలకు చేరాలి, మేజిస్ట్రేటు నివేదికలను చూసే హక్కు ఆ గ్రాంటుతో పాటే రావాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో హైదరాబాద్‌లోనూ, అమరావతిలోనూ ఈ పద్దు గురించి తమ శాసనసభ్యులను పాఠకులు అడగాలి.