రోహిణి కార్తెలో నిలిస్తేనే అది వేగం
పాత కంప్యూటరుకు బయోస్‌లో చేసే మార్పులు - లాభమెంత, ముప్పెంత?

విడిభాగాలు కొని బిగించుకున్న పాత కంప్యూటర్లు మండల కేంద్రాల్లోని జిరాక్సు దుకాణాల్లో, ఫొటో స్టూడియోల్లో, కొందరి ఇళ్లలో ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల ఒక్కొక్క భాగమే బేరమాడి తెచ్చుకున్నవి వీటిలో ఎన్నో. కొత్తది కొనాలంటే వేలతో పని. అందుకే ఉన్నదాన్నే కాస్త వేగంగా నడిపించే దారి కోసం పలువురు వెతుకుతుంటారు. ఆ దారి ఉంది. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇందుకు పైసా ఖర్చు లేదు. అయితే తొందరపడితే యంత్రంతో పాటు అందులో దాచిన లెక్కలు, పెళ్లి ఫొటోలు కూడా పోయే ప్రమాదం ఉంది.

మిల్లు షాఫ్టు లాంటిదే

పాత రైసు మిల్లులో ఒకే షాఫ్టు మీద అన్ని యంత్రాలూ బెల్టులతో తిరిగేవి. ఏ పుల్లీ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి ఆ యంత్రం వేగం ఉండేది. కంప్యూటరులోనూ అంతే. మదర్‌బోర్డు మీది గడియారం షాఫ్టు అయితే, ప్రాసెసరు దానికి ఇన్ని రెట్లని తిరుగుతుంది.

2007 జనవరిలో ఇంటెల్ విడుదల చేసిన కోర్ 2 క్వాడ్ క్యూ6600 ప్రాసెసరునే తీసుకోవచ్చు. దాని షాఫ్టు వేగం 266 మెగాహెర్ట్జ్. ప్రాసెసరు దానికి 9 రెట్లు, అంటే 2.4 గిగాహెర్ట్జ్. ఈ 9ని పెంచకుండా కంపెనీ తాళం వేసింది. కాని షాఫ్టుకు తాళం లేదు. 266ను 333 చేస్తే ప్రాసెసరు 3 గిగాహెర్ట్జ్‌కు చేరుతుంది. పెరుగుదల 25 శాతం.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ చిప్పును 66 నుంచి 100 మెగాహెర్ట్జ్ షాఫ్టుకు మార్చి, 300 బదులు 450 మెగాహెర్ట్జ్‌తో నడిపిన వారు ప్రపంచమంతటా ఉన్నారు. కంపెనీ ప్రతి చిప్పునూ భరోసాగా ఏళ్ల తరబడి నడిచే వేగానికే బిగించి పంపుతుంది. అందులో కొంత మిగులు ఉంటుంది. ఓవర్‌క్లాకింగ్ ఆ మిగులును వాడుకోవడమే. చిప్పు చిప్పుకూ ఆ మిగులు వేరు. పొరుగువారిది నిలిచింది కదా అని మనదీ నిలవాలని లేదు.

బయోస్‌లో ఏమేమి మార్చాలి?

కంప్యూటరు ఆన్ చేయగానే డిలీట్ మీటను నొక్కుతూ ఉంటే బయోస్ తెర వస్తుంది. కంపెనీలు సిద్ధం చేసి అమ్మిన కంప్యూటర్లలో చాలావాటికి ఈ మార్పుల పట్టికే ఉండదు. విడిగా కొన్న గిగాబైట్, ఆసుస్, ఎంఎస్ఐ బోర్డుల్లో ఎక్కువగా ఉంటుంది.

ముందుగా ఉన్న అంకెలన్నిటినీ ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవాలి. తరువాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగాన్ని 100 వద్ద, పీసీఐ వేగాన్ని 33 వద్ద కదలకుండా బిగించాలి. లేకుంటే షాఫ్టుతో పాటు అవి కూడా పరుగెత్తి హార్డ్‌డిస్క్‌లోని సమాచారాన్ని పాడు చేయగలవు.

మూడోది ర్యామ్. షాఫ్టు పెరిగితే దాని వేగమూ పెరుగుతుంది. అందుచేత దాని నిష్పత్తిని ముందే తగ్గించాలి. 333 షాఫ్టుకు 2 రెట్ల నిష్పత్తి పెడితే ర్యామ్ 667 వద్ద నడుస్తుంది. డీడీఆర్2-800 ర్యామ్‌కు అది తేలిక పని. ప్రాసెసరు వోల్టేజీని ఆటోలో వదలరాదు. బోర్డు తనంతట తాను ఎక్కువ వోల్టేజీ ఇచ్చే అవకాశం ఉంది. మామూలు అంకెనే చేతితో పెట్టాలి.

ఆ తరువాతే షాఫ్టు. 266 నుంచి ఒక్కసారిగా 333కు దూకరాదు. పదేసి చొప్పున పెంచి, ప్రతిసారీ పరీక్షించాలి. ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86+, ప్రాసెసరుకు ప్రైమ్95 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. గంటల తరబడి నడిచినా ఒక్క తప్పు కూడా రాకూడదు. వస్తే ఒక మెట్టు దిగి అక్కడే ఆగాలి. తెర వచ్చింది, పాట మోగింది అన్నంత మాత్రాన నిలిచినట్టు కాదు. పైకి బాగా నడుస్తూనే లోలోపల ఫైళ్లు చెడిపోవడమే అన్నిటికంటే పెద్ద ముప్పు.

అసలు శత్రువు వేడి

వేగం పెరిగిన కొద్దీ వేడి అదే పాళంలో పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే మాత్రం వర్గం లెక్కన పెరుగుతుంది. వేగం 25 శాతం, వోల్టేజీ 10 శాతం పెంచితే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. కాబట్టి వోల్టేజీ జోలికి పోకుండా వచ్చినంత వేగంతో తృప్తి పడటమే మేలు.

ఇక్కడ మన ఎండలను మరువరాదు. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 60 దగ్గరున్న చిప్పు, గది 42కు చేరితే 77 దగ్గరికి పోతుంది. సంక్రాంతి చలిలో నిలిచిన వేగం రోహిణి కార్తెలో కుప్పకూలేది ఇందుకే. పరీక్ష పెట్టవలసింది మండుటెండ వేళనే.

అంతకు ముందు ఫ్యాను దుమ్ము దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయాలి. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ పాతబడి మొరాయిస్తున్నా ఈ ప్రయత్నం మానుకోవాలి.

తెర రాకపోతే?

కంగారు అక్కరలేదు. కరెంటు తీగ పీకి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి మళ్లీ పెట్టాలి. లేదా క్లియర్ సీమాస్ జంపరు వాడాలి. అంకెలన్నీ కంపెనీ పెట్టినవే తిరిగి వస్తాయి. తేదీ, సమయం మాత్రం మళ్లీ దిద్దుకోవాలి.

ఎవరికి లాభం?

ప్రాసెసరు మీదే భారం పడే వీడియో ఎడిటింగ్ వంటి పనిలో 10 నిమిషాలు పట్టేది 8 నిమిషాలకు దిగవచ్చు. అంతకు మించి ఆశించరాదు. ఆన్ కావడానికి, ఫైలు తెరవడానికి కంప్యూటరు మొరాయిస్తుంటే అది చాలావరకు పాత హార్డ్‌డిస్క్ దోషం. దానికి ఓవర్‌క్లాకింగ్ మందు కాదు. ఎస్ఎస్‌డీ వేయించడమే మందు. 2011లో వచ్చిన రెండో తరం ఇంటెల్ కోర్ చిప్పుల నుంచి షాఫ్టుకు మిగతా భాగాలన్నీ ముడిపడ్డాయి. వాటిలో ఈ పద్ధతి పనికిరాదు. కె అక్షరం ఉన్న చిప్పులకు, తగిన బోర్డు ఉంటేనే వీలవుతుంది.

ఏ దారి పట్టినా ముందు చేయవలసిన పని ఒకటే. పట్టా కాగితాల నకళ్లు, దుకాణం లెక్కలు, పిల్లల ఫొటోలు వేరే డిస్కులోకి ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. జీవనం ఆ ఒక్క కంప్యూటరు మీదే ఆధారపడి ఉన్నవారు ఈ ప్రయోగానికి దూరంగా ఉండటమే మంచిది.