పేరు మనది, బిల్లు ఎవరిది?

పల్లెలనుండి హైదరాబాదు చేరిన యువకులలో అనేకులు అమీరుపేట మైత్రీవనము పరిసరములందలి శిక్షణ సంస్థలలో కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. అట్టివారి చేతను, పంజాగుట్ట వంటి చోట్లగల చిన్న కార్యాలయముల చేతను గ్రామములలోని చేనేత సంఘములు, రైతు సంఘములు వెబ్‌సైట్లు తయారు చేయించుకొనుచున్నవి. ఇది సంతోషింపదగినదే. అయితే వెబ్‌సైటు పేరును ఆసరా చేసికొని మోసగించువారును కలరని పంచాయతీ సభ్యులు గ్రహింపవలెను.

ఈ పేరును డొమైన్ అందురు. ఇది కొన్న భూమి వంటిది కాదు; కౌలు వంటిది. ఒకటి మొదలు 10 సంవత్సరముల వరకు రుసుము చెల్లించి, గడువు తీరకముందే పొడిగించుకొనవలెను. పేరును నమోదు చేయు సంస్థ రిజిస్ట్రారు. ‘.ఇన్’ పేర్ల పట్టీని నిక్సీ సంస్థ నిర్వహించుచున్నది. గడువు తేదీని ఎవరైనను చూడవచ్చును. మోసగాండ్రకు ఇదియే ఆధారము.

వారి పద్ధతులు ముఖ్యముగా మూడు. మొదటిది, గడువు సమీపించినదని అచ్చముగా బిల్లువలె కనిపించు ఉత్తరము పంపుట. చిన్న అక్షరములలో చూచిన అది వేరొక సంస్థకు పేరును బదిలీ చేయుటకో, ఏదో జాబితాలో చేర్చుటకో అంగీకారపత్రమై యుండును. రెండవది, ‘మీ పేరును చైనాలో మరియొకరు నమోదు చేయనున్నారు, వెంటనే సొమ్ము కట్టుడు’ అని బెదరించుట. మూడవది, పేరును పెద్ద వెలకు కొందుమని ఆశ చూపి, ముందుగా విలువకట్టు రుసుము కోరుట.

ఈ మోసము క్రొత్తది కాదు. 2003లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను డొమైన్ రిజిస్ట్రీ ఆఫ్ అమెరికా అను సంస్థపై ఇట్టి ఉత్తరముల విషయముననే న్యాయస్థానమున ఫిర్యాదు చేసెను.

పొరుగూరి పంచాయతీ మన ఇంటిపన్నుకు తాఖీదు పంపిన మనము చెల్లింతుమా? ఇదియు అట్టిదే. పోయిన సొమ్ముకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. కట్టితిమను ధీమాతో సంఘమువారు అసలు రుసుము కట్టకున్నచో గడువు తీరి పేరు పరుల పాలగును. సంఘమునకు రావలసిన బేరము, ఉత్తరములు వారికే చేరును.

కావున మనము చేయవలసిన దేమి? పేరును వెబ్‌సైటు తయారుచేసినవాని పేరున గాక సంఘము పేరుననే నమోదు చేయింపవలెను. రిజిస్ట్రారు పేరు, గడువు తేదీ సంఘపు రిజిస్టరులో వ్రాసి యుంచవలెను. ఉత్తరములోని లంకె నొక్కక, రిజిస్ట్రారు వెబ్‌సైటును స్వయముగా తెరచి చెల్లింపవలెను. బదిలీకి వలయు రహస్య సంకేతము నెవరికిని చెప్పరాదు. పేరు బదిలీ కాకుండ తాళము వేయు సదుపాయము కలదు, దానిని వినియోగించుకొనవలెను. పంచాయతీకి ‘గవ్.ఇన్’ పేరున్నచో, వాటిని నమోదు చేయునది జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రమే. ప్రైవేటు సంస్థ పంపు బిల్లును త్రోసిపుచ్చవలెను.

సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచరాదు. తక్షణమే 1930 నంబరుకు తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్మును నిలుపుటకు అంత అవకాశముండును. వచ్చు సమావేశమున సభ్యులు తమ గ్రామమందలి సంఘములవారిని పిలిచి, వారి వెబ్‌సైటు పేరు ఎవరి పేరున నున్నదో, గడువు ఎప్పుడో విచారింతురు గాక.